పల్లికాయ లెక్క

వనపర్తిల, నూనె మిల్లు పైగదిల
మూడు పాత కంప్యూటర్లు.
ఒకటి తూకం గదిల పదేండ్లు దుమ్ము తిన్నది.
ఒకటి మూతబడ్డ ఇంటర్నెట్ సెంటర్ది, ఎంటర్ మీట నున్నగ అరిగింది.
మూడోది నాది.
పక్కపక్కన పేర్చి, తీగలు కలిపి
పేర్లు పెట్టినం: ఆత్మకూరు, కొత్తకోట, పెబ్బేరు.

కాంటా లెక్క, తేమ లెక్క, తరుగు లెక్క,
ఐదేండ్లు మేం రాసిన కోడంతా
ఇన్నాళ్ళు ఎవరి గాదెలనో ఉండె.
నెలనెలా కిరాయి.
నిరుడు పల్లి సీజన్ల నెట్టు పోయిననాడు
ఆ గాదె తలుపు మాకే తెరుసుకోలే.
కింద బండ్లు మెయిన్ రోడ్డు దాక ఆగినయి.
"మన గాదె మనమే కట్టుకుందం" అన్నడు కురుమూర్తి.
అని, సెలవు పెట్టి పోయిండు.

నేనొక్కదాన్నే చదువుకుంట కూసున్న.
కంటెయినర్ అంటే డబ్బా. సరే.
డబ్బాను పట్టుకునేది పాడ్ అంట.
ఎంత చదివినా బొమ్మల గీతలే తప్ప
అది కంటికి ఆనలే.
చాయ్ తెచ్చిన ఈదమ్మ, కొంగుల నుంచి
నాలుగు పల్లికాయలు బల్ల మీద పోసింది.
ఒలిస్తే ఒకదాంట్ల ఒకటే గింజ.
ఒకదాంట్ల రెండు, ఒకే పొట్టు కింద
ఒకే చీకటి పంచుకొని.
ఇగో, పాడ్!
ఇంకోటి తాలు.
తాలు సంగతి ఆ రాత్రికి తెలిసింది.

లేస్తది, పడ్తది. లేస్తది, పడ్తది.
పడ్డ ప్రతిసారి ఇంకింత సేపు ఆగి లేస్తది,
నీళ్ళందని బోరు మోటరు లెక్క.
డేటాబేస్ పేరుల ఒక్క అక్షరం తప్పు.
రెండున్నరకు దొరికింది.
తెర మీద పచ్చగ "నడుస్తున్నది" అన్న మాట.
కిటికీ తీస్తే మిల్లు కుక్క ఒక్కటే మేల్కొని ఉంది.
దానికే చెప్పిన.

తెల్లారి ఐదేండ్ల కోడు అండ్లకు ఎక్కించిన.
నాలుగు గంటలకు కరెంటు పోయింది.
వచ్చినంక, లేచింది గదా అని చూస్తే
కొత్త కుండ. ఒక్క వరుస లేదు.
"మీ మొదటి ఖాతా తెరవండి" అని
మర్యాదగ నన్నే అడుగుతుంది,
నన్ను ఎన్నడూ చూడనట్టు.

కాయ పోతే కొత్త కాయ వస్తది.
కొత్త కాయకు పాత గింజ యాదుండది.
అది దాని తప్పు కాదు.
విత్తనం దాసే జాగ వేరే ఉండాలె,
కాయ సచ్చినా సావనిది.
ఆ జాగ అడ్రసు ముందే రాసి పెట్టాలె.
నేను రాయలే.
పాత గాదెకు నెలాఖరు దాక కిరాయి కట్టి ఉంటిమి, బతికిపోయిన.
తిట్టిన నోటితోనే వాళ్ళకు మొక్కిన.

ఇప్పుడు విత్తనాల డిస్కు విడిగ ఉంది.
దాని నకలు కురుమూర్తి ఇంట్ల, పప్పు డబ్బా ఎనుక.
పది సెకండ్లకోసారి క్లస్టరు హాజరు పిలుస్తది:
ఉన్నవా? ఉన్న.
ఉన్నవా? ఉన్న.
మూడుసార్లు పలకకుంటే కొట్టేసి
ఇంకోదాన్ని పుట్టిస్తది. ఏడ్వది.

మొన్న మధ్యాన్నం ఫోన్ల అరిసిన:
"పెబ్బేరు పడిపోయింది! అన్నీ కొత్తకోటకు పోతున్నయి!"
మెట్ల కింద వాచ్‌మన్ మాసన్న
పెబ్బేరుల ఉన్న అక్కకు ఫోన్ కలిపి
"అందరు మంచిగున్నరా" అంటున్నడు, గొంతు వణుక్కుంట.
అక్క బట్టలు పిండుతుంది.
కూసోబెట్టి చెప్పిన.
పడ్డకాన్నుంచి లేసి, జాగ ఉన్నకాడికి పోవుడు
పుణె, బొంబాయి చూసిన మనిషికి
నేను చెప్పాల్నా?
"మరి సామాను?" అని మాత్రం అడిగిండు.
సామాను విడిగ ఉంటది మాసన్నా.
ఇప్పుడైతే ఉంటది.

పొద్దుగూకినంక కురుమూర్తి మొదటి మార్పు పంపిండు.
తరుగు లెక్కల, గుండ్రం చేసేకాడ
ఐదేండ్ల సంది గ్రాములు మిల్లు దిక్కే ఒరుగుతున్నయంట.
సరిజేసిండు.
ఎవరు, ఏ గంటకు, ఎందుకు, అన్నీ పక్కనే రాసి ఉన్నయి.

సేటు ఇంకా చూడలే.
చూసి చెరిపియ్యమంటడేమో.
చెరిపినా, చెరిపినట్టు రాసి ఉంటది.